శంకలోంచి శోకంలోకి

దక్షిణ కొరియా దర్శకుడు లీ చాంగ్‌డాంగ్ తీసిన ‘బర్నింగ్’ చూసినవాళ్లు ఇద్దరు ఒకచోట కలిస్తే మాట మొదలయ్యేది ఒక్క ప్రశ్నతోనే: ఇంతకీ బెన్ ఆ అమ్మాయిని చంపాడా, లేదా? అక్కడి నుంచి వాదన పిల్లి మీదికి, పిల్లి మీంచి గులాబీరంగు చేతిగడియారం మీదికి, గడియారం మీంచి ఊళ్లో ఉండేదో లేదో తెలియని బావి మీదికి పాకుతుంది. ఒకరు చంపాడని ఒట్టేసి చెబుతారు. ఇంకొకరు ఆ అమ్మాయి అప్పులకి భయపడి ఎటో వెళ్లిపోయిందంటారు. చివరి భాగమంతా ఆ కుర్రాడు రాసుకున్న నవలే అని మూడోవారు తేల్చేస్తారు. ముగ్గురి చేతుల్లోనూ ఉన్నవి అవే దృశ్యాలు, అవే వస్తువులు. నాలుగోవారి మాట సూటిగా ఉంటుంది: ల్యాగ్ భరించలేకపోయాం, రెండున్నర గంటలు కూర్చోబెట్టి ఏమీ తేల్చలేదు.

ఈ నలుగురి మాటా నాకు విలువైనదే. నలుగురికీ తగిలింది ఒకటే, శంక. ఆ శంకని దాటి లోపలికి వెళితే ఈ సినిమాలో ఇంకో భావం ఉంది. అది పైకి కనబడదు, ఎవరూ దాని గురించి అడగరు. నేను ‘బర్నింగ్’ని ప్రేమించేది దానివల్లే. (కథంతా ఇక్కడ విప్పి చెబుతున్నాను. చూడనివారు ముందు సినిమా చూసి వచ్చి చదవడం మంచిది.)

2018 మే నెలలో కాన్ చలనచిత్రోత్సవం పోటీ విభాగంలో దీన్ని మొదట చూపించారు. ఉత్సవం జరిగే రోజుల్లో అక్కడ ‘స్క్రీన్ ఇంటర్నేషనల్’ పత్రిక కొందరు విమర్శకుల చేత ప్రతి సినిమాకీ మార్కులు వేయిస్తుంది. ‘బర్నింగ్’కి 4కి 3.8 వచ్చాయి. ఆ పట్టికలో అప్పటిదాకా ఏ సినిమాకీ అంత రాలేదు. అంతర్జాతీయ సినీ విమర్శకుల సమాఖ్య బహుమతి కూడా దీనికే దక్కింది. ప్రధాన జ్యూరీ మాత్రం దీన్ని పక్కన పెట్టింది. అదే వారంలో కొరియా థియేటర్లలోకి వస్తే జనం పెద్దగా రాలేదు, తెగిన టికెట్లు సుమారు 5 లక్షలే. హిట్టయిన సినిమాకి కోటి టికెట్లు తెగే దేశం అది. తర్వాత ఆస్కార్ విదేశీ భాషా చిత్రాల తుది వడపోత జాబితాకి చేరిన మొదటి కొరియా సినిమాగా దీనికి పేరొచ్చింది. విమర్శకులు ఒక వైపు, థియేటర్ ప్రేక్షకులు ఒక వైపు ఇలా చీలిపోయిన సినిమాలు చాలానే ఉన్నాయి. కానీ ఒక్క ప్రేక్షకుడి మనసులోనే ఈ చీలిక తెచ్చే సినిమాలు తక్కువ. చూస్తున్నంతసేపూ విసుగూ వశీకరణమూ రెండూ కలిసే నడుస్తాయి.

కథ పైకి చిన్నది. జోంగ్‌సు సోల్ నగరంలో డెలివరీ పనులు చేసుకునే కుర్రాడు. కాలేజీలో సృజనాత్మక రచన చదివాడు, నవల రాయాలనుకుంటాడు, ఏం రాయాలో తోచదు. ఒక దుకాణం ముందు డాన్సు చేస్తూ గిరాకీని పిలిచే అమ్మాయి అతన్ని గుర్తుపడుతుంది. పేరు హే-మి. చిన్నప్పుడు ఇద్దరిదీ ఒకే ఊరు. ముఖానికి సర్జరీ చేయించుకున్నాను, అందుకే గుర్తుపట్టలేదు నువ్వు అంటుంది. తను ఆఫ్రికా వెళ్లొచ్చేదాకా పిల్లికి తిండి పెట్టమని తన గదిని అతనికి అప్పగిస్తుంది. తిరిగొచ్చేటప్పుడు ఆమె వెంట బెన్ ఉంటాడు. పోర్షే కారు, కలిగినవాళ్ల పేటలో ఇల్లు, ఏం పని చేస్తావని అడిగితే ఆడుకుంటాను అని చెప్పే చిరునవ్వు. ఒక సాయంత్రం ముగ్గురూ జోంగ్‌సు పల్లెటూరి ఇంటి ముందు కూర్చుంటారు. పాడుబడిన గ్రీన్‌హౌస్‌లని తగలబెట్టడం తన అలవాటనీ, రెండు నెలలకొకటి తగలబెడతాననీ, ఈసారిది నీకు చాలా దగ్గర్లోనే ఉందనీ బెన్ జోంగ్‌సుకి చెబుతాడు. ఆ తర్వాత హే-మి కనిపించదు.

హరుకి మురకామి 1983లో రాసిన చిన్న కథ దీనికి ఆధారం. ఆ కథ చెప్పే మనిషి పెళ్లయి స్థిరపడ్డ రచయిత. అమ్మాయి కనబడకుండా పోయాక కూడా అతని జీవితం పెద్దగా కదలదు. లీ చాంగ్‌డాంగ్, సహరచయిత్రి ఓ జంగ్‌మి కలిసి ఆ నిశ్చింతని తీసేశారు. కథ చెప్పేవాణ్ణి పేద కుర్రాణ్ణి చేశారు, కథలోని కొట్టాలని ప్లాస్టిక్ కప్పిన గ్రీన్‌హౌస్‌లుగా మార్చారు. ఇంచుమించు మురకామి కథ పేరుతోనే విలియం ఫాక్నర్ 1939లో రాసిన కథ ఒకటుంది. కోపం తలకెక్కి కలిగినవాళ్ల కొట్టాలకి నిప్పుపెట్టే తండ్రి, అతన్ని చూస్తూ పెరిగే కొడుకు అందులో ఉంటారు. ఇక్కడ జోంగ్‌సు తండ్రి ఒక ప్రభుత్వోద్యోగి మీద దాడి చేసి కోర్టులో నిలబడ్డాడు. మురకామి నుంచి మాయమయ్యే అమ్మాయి వచ్చింది, ఫాక్నర్ నుంచి తండ్రి కోపం వచ్చింది. జోంగ్‌సుకి ఇష్టమైన రచయిత ఫాక్నర్ అని సినిమాలోనే చెప్పించడం ఆ రుణం ఒప్పుకోవడమే.

హే-మి మూకాభినయం నేర్చుకుంటూ ఉంటుంది. వాళ్లు కలిసిన మొదటి రాత్రి, బార్లో, లేని కమలాపండుని వలుస్తుంది. తొక్క తీస్తుంది, తొన విడదీస్తుంది, నోట్లో పెట్టుకుని కళ్లు సగం మూస్తుంది. ఇందులో రహస్యమేమిటో కూడా చెబుతుంది. పండు ఉందని అనుకోకూడదట, లేదన్న సంగతి మరిచిపోవాలట, నిజంగా తినాలని ఉండాలట. ఆ పాత్ర వేసిన జోన్ జోంగ్‌సోకి ఇది మొదటి సినిమా. ఆ వేళ్ల కదలికలో అభ్యాసం కనబడదు, ఆకలి కనబడుతుంది. సినిమా మొదలైన కాసేపటికే వచ్చే ఈ దృశ్యంలో దర్శకుడు మనకి ఒక విద్య నేర్పేస్తాడు. ఇక అక్కడి నుంచి లేనివాటిని చూడటమే మన పని. జోంగ్‌సు ఆమె గదికి వెళ్లిన ప్రతిసారీ పిల్లి కనబడదు, గిన్నెలో తిండి మాత్రం అయిపోయి ఉంటుంది. చిన్నప్పుడు తను బావిలో పడితే నువ్వే కాపాడావని హే-మి చెబుతుంది. అతనికి గుర్తులేదు. హే-మి ఇంట్లోవాళ్లు బావే లేదంటారు. ఏళ్ల తర్వాత తిరిగొచ్చిన జోంగ్‌సు తల్లి మాత్రం, ఎండిపోయిన బావి ఒకటుండేది అంటుంది. లేని పండు, కనబడని పిల్లి, ఉందో లేదో తెలియని బావి, ఎక్కడా కాలినట్టు కనబడని గ్రీన్‌హౌస్, చివరికి కనబడని మనిషి. ఈ వరుసని ఒక్కసారి గమనిస్తే సినిమా నత్తనడక ఎందుకో అర్థమవుతుంది. ఉన్నదాన్ని చూడటానికి ఒక్క క్షణం చాలు. లేనిదాన్ని చూడాలంటే సమయం కావాలి.

హే-మి గది ఆ సమయం ఎలా పనిచేస్తుందో చూపిస్తుంది. చిన్న గది, ఉత్తరం వైపు కిటికీ, నేరుగా ఎండ రాదు. రోజులో ఒకే ఒక్కసారి, నామ్‌సాన్ కొండ మీది టవర్‌కి తగిలి తిరిగొచ్చిన వెలుగు కాసేపు లోపల పడుతుంది. అదీ అదృష్టం ఉంటేనే అని ఆమె చెబుతుంది. వాళ్లిద్దరూ దగ్గరైనప్పుడు జోంగ్‌సు కళ్లు గోడ మీది ఆ వెలుగు ముక్క మీదే ఉంటాయి. చూస్తుండగానే అది సన్నబడి ఆరిపోతుంది. ఛాయాగ్రాహకుడు హాంగ్ క్యంగ్‌ప్యో (తర్వాత ‘పారసైట్’కి కెమెరా పట్టిందీ ఆయనే) ఆ మరకంత వెలుగుని అందంగా చూపించడానికి ప్రయత్నించలేదు, అది ఉన్నంతసేపూ ఉండనిచ్చాడు. అద్దెగదిలో బతికే పిల్లకి సూర్యుడు కూడా ఎవరిదో గాజు మీంచి మళ్లి రావాల్సిందే. ఆమె పేదరికం గురించి సినిమాలో ఇంతకు మించిన ప్రసంగం లేదు, అవసరమూ లేదు.

ఇప్పుడు బెన్ సంగతి. విమానాశ్రయం నుంచి ముగ్గురూ భోజనానికి వెళతారు. ఆఫ్రికాలో ఒంటరిగా చూసిన సూర్యాస్తమయం గురించి హే-మి చెబుతుంది. చావంటే భయం గానీ, అసలు లేనట్టే మాయమైపోతే బాగుండుననిపించిందంటూ ఏడుస్తుంది. బెన్ ఆమెని కుతూహలంగా చూస్తాడు. మనుషులు ఏడవడం తనకి వింతగా ఉంటుందట. తను ఏడ్చిన జ్ఞాపకం లేదట. కన్నీళ్లనే సాక్ష్యం లేదు కాబట్టి దుఃఖమనేది తనకి కలిగిందో లేదో చెప్పలేడట. బెన్‌గా వేసిన స్టీవెన్ యన్ ఈ మాటల్ని ఎంత మర్యాదగా, ఎంత తేలిగ్గా అంటాడంటే, అందులో ఘోరం ఉందా అమాయకత్వం ఉందా అని మనం ఆగిపోతాం.

ఆ మాట వినగానే నాకు అభినవగుప్తుడు గుర్తొస్తాడు. నాట్యశాస్త్ర వ్యాఖ్యలో ఆయన రసానుభవానికి అడ్డుపడే విఘ్నాల్ని ఏడు చెప్పాడు. స్ఫుటంగా లేకపోవడం వాటిలో ఒకటి, సంశయం ఇంకొకటి. కంటనీరు ఒక్కటే చూపిస్తే ప్రేక్షకుడికి ఏం తెలుస్తుంది? అది దుఃఖం కావచ్చు, ఆనందం కావచ్చు, కంటిజబ్బు కావచ్చు. అందుకే విభావమూ (కారణం) అనుభావమూ (బయటి గుర్తు) వ్యభిచారి లేదా సంచారి భావమూ (వచ్చిపోయేది) కలిసి రావాలి, అప్పుడే సంశయం తీరి రసం పుడుతుంది. ఇది ఆయన వివరణ సారం. వెయ్యేళ్ల తర్వాత సోల్ నగరపు హోటల్లో కూర్చుని ఒక పాత్ర అదే కన్నీటిని పట్టుకుని అదే చిక్కుని తిరగేసి చెబుతోంది: నీరు లేదు, కాబట్టి భావం ఉందో లేదో నాకే తెలియదు. బెన్ ముఖం మీద లీ చాంగ్‌డాంగ్ ఈ సంశయాన్ని చివరిదాకా నిలబెడతాడు. స్నేహితుల మధ్య హే-మి నాట్యం చేసి చూపిస్తుంటే బెన్ ఆవలిస్తాడు. జోంగ్‌సు అది చూస్తాడు, తను చూసినట్టు బెన్ గమనించి నవ్వుతాడు. ఆవలింత విసుగా, తిరస్కారమా, కేవలం నిద్రలేమా? ఇంకో సాయంత్రం, ఇంకో అమ్మాయితో, మళ్లీ అదే ఆవలింత. అనుభావం ఒకటి కళ్లముందు ఉంది, దాని వెనక స్థాయి, అంటే నిలిచి ఉండే భావం, ఏదో తెలియదు. ఈ పాత్రకి లాస్ ఏంజెలిస్ విమర్శకుల సంఘం యన్‌ని ఆ ఏటి ఉత్తమ సహాయ నటుడిగా ఎన్నుకుంది. ఏమీ చూపకుండానే అన్నీ ఉన్నట్టు అనిపించడం అంత కష్టమైన నటన ఇంకోటి లేదని నా నమ్మకం.

అయితే, క్లారిటీ లేదు అని లేచిపోయిన ప్రేక్షకుడు తనకి తెలియకుండానే శాస్త్రం చెప్పిన విఘ్నాన్నే పేరుపెట్టి చెబుతున్నాడన్నమాట. అతను తప్పేమీ అనలేదు. నేను అతనికి చెప్పగలిగింది ఒకటే. శంక, వితర్కం కూడా ముప్ఫైమూడు సంచారి భావాల్లో ఉన్నాయి. సంచారులు వస్తాయి, పోతాయి, తాము నిలబడవు, వెనక నిలిచి ఉన్న స్థాయికి నీళ్లు పోస్తాయి. మామూలు క్రైమ్ థ్రిల్లర్లో శంక పోషించేది భయాన్నో, ఆశ్చర్యాన్నో. హంతకుడు దొరకగానే శంక తీరుతుంది, దాంతో రసమూ ముగుస్తుంది. ‘బర్నింగ్’లో శంక పోషించేది శోకాన్ని. ఈ సినిమాకి అంగిరసం, అంటే ప్రధాన రసం, కరుణ. అది తెలియాలంటే సాయంత్రం దృశ్యం దగ్గర ఆగాలి.

జోంగ్‌సు పల్లె ఉన్న పాజు ప్రాంతం ఉత్తర కొరియా సరిహద్దుని ఆనుకుని ఉంటుంది. అవతలి గట్టు నుంచి లౌడ్‌స్పీకర్ల ప్రచారం లీలగా వినబడుతూ ఉంటుంది. (ఇరు కొరియాల నేతలు 2018 ఏప్రిల్‌లో కలుసుకునే ముందు రెండు వైపులా ఆ మైకులు ఆపేశారు. మరుసటి నెల విడుదలైన సినిమాలో అవి ఇంకా మోగుతూనే ఉన్నాయి.) పొద్దు వాలింది, ఇంకా చీకటి పడలేదు. గంజాయి మత్తు ముగ్గురికీ తలకెక్కింది. మైల్స్ డేవిస్ ట్రంపెట్ మొదలవుతుంది. 1957 డిసెంబరులో, పారిస్‌లో, లూయీ మాల్ తీసిన ఒక నేర చిత్రం కోసం, తెర మీద దృశ్యాలు చూస్తూ అప్పటికప్పుడు ఊదిన సంగీతం అది. ఆ సినిమాలో కూడా రాని మనిషి కోసం రాత్రంతా వీధులు తిరిగే స్త్రీ ఉంది. హే-మి లేచి పైదుస్తులు తీసేస్తుంది. రెండు చేతులూ ముడేసి పిట్టని చేస్తుంది, ఆకాశం మీద ఆ పిట్ట రెక్కలు ఆడిస్తుంది. ఎడారి మనుషులకి రెండు ఆకళ్లు ఉంటాయని ఆమె ఇంతకుముందు చెప్పింది: కడుపుకి తిండి లేని చిన్న ఆకలి, ఎందుకు బతుకుతున్నామో తెలియని పెద్ద ఆకలి. ఇప్పుడామె ఆడేది ఆ పెద్ద ఆకలి ఆట. ఇంటి ముందు కొయ్యకి కట్టిన కొరియా జెండా గాలికి కదులుతుంది. కెమెరా కోత లేకుండా ఆమె వెంటే ఉంటుంది. వెలుగు నిమిషనిమిషానికీ తగ్గుతూ ఆమె నీడబొమ్మ అవుతుంది. ట్రంపెట్ ఆగిపోతుంది. ఆమె చేతులు మాత్రం ఇంకా కదులుతాయి. అప్పుడు ఏడుస్తుంది. కెమెరా ఆమెని వదిలి మెల్లగా చెట్ల మీదికి, పొలాల మీదికి, మసకబారిన ఆకాశం మీదికి పోతుంది.

ఇక్కడ ఎంతోమంది ప్రేక్షకులు ఊపిరి బిగబట్టామని చెబుతారు, కారణం మాత్రం చెప్పలేరు. నాకు తోచింది చెబుతాను. సినిమా మొత్తాన్నీ మనం జోంగ్‌సు కళ్లతోనే చూస్తాం. అతను లేని చోటికి కథ దాదాపు పోదు. ఈ కొద్ది నిమిషాలు మాత్రం హే-మివి. ఆ సేపు ఆమె ఎవరికీ ప్రియురాలు కాదు, ఎవరికీ ఆటబొమ్మ కాదు, ఎవరి నవలకీ ముడిసరుకు కాదు. కూర్చున్న మగవాళ్లిద్దరూ ప్రేక్షకులైపోతారు, వాళ్లు ఎలాంటి ప్రేక్షకులో వెంటనే తెలిసిపోతుంది. ఒకడు ఆమె నిద్రపోయాక తగలబెట్టడం గురించి మాట్లాడతాడు. ఇంకొకడు, ఆమెని ప్రేమిస్తున్నానని బెన్‌కి చెప్పినవాడు, కారెక్కబోతున్న ఆమెతో మగవాళ్ల ముందు అంత తేలిగ్గా బట్టలెందుకు విప్పుతావనీ, అలాంటి పని చేసేది వేశ్యలేననీ అంటాడు. హే-మి బదులు పలకదు. కారెక్కుతుంది. జోంగ్‌సు ఆమెతో మాట్లాడిన ఆఖరి మాట అదే.

బెన్ చంపాడా లేదా అని గంటలు గంటలు వాదించుకునేవాళ్లలో ఈ మాట గుర్తున్నవాళ్లు నాకు చాలా కొద్దిమందే తగిలారు. పిల్లి పేరు గుర్తుంటుంది, గడియారం రంగు గుర్తుంటుంది. ఆమె పెద్ద ఆకలిని చూసి కూడా ఒక తిట్టుతో సాగనంపిన సంగతి మరుగున పడిపోతుంది. దర్శకుడి ధ్వని ఇక్కడే ఉంది. ఆలంకారికుడు ఆనందవర్ధనుడు చెప్పిన ధ్వని, అంటే పైకి చెప్పని అర్థం, వాచ్యార్థం వినబడ్డాక మోగుతుంది. ఇక్కడ అది మోగడానికి పట్టే సమయం కూడా దర్శకుడే ఇస్తాడు. తర్వాతి గంటంతా జోంగ్‌సు తెల్లవారుజామున మంచులో పరిగెడతాడు, మ్యాప్ పెట్టుకుని గ్రీన్‌హౌస్‌లని ఒక్కొక్కటే చూస్తాడు, ఒకదానికి తనే లైటర్ అంటించి హడలిపోయి ఆర్పేస్తాడు. ప్రేక్షకుడికి ఇది ల్యాగ్ అనిపించే భాగం. నాకు ఇది పశ్చాత్తాపం పరుగు. నోటితో చెప్పలేని క్షమాపణని అతను కాళ్లతో వెతుకుతున్నాడు. సంగీత దర్శకుడు మోగ్ ఇచ్చిన ఆ మంద్రమైన తాడనం మన గుండెలో దూరేది అందుకే.

సాక్ష్యాల సంగతికి వద్దాం. బెన్ స్నానాలగదిలో అమ్మాయిల చిన్నచిన్న వస్తువులు, వాటి మధ్య తర్వాత ఒకరోజు, జోంగ్‌సు హే-మికి ఇచ్చినలాంటి గులాబీరంగు గడియారం. అది లాటరీలో పంచే చవక గడియారం, అలాంటివి ఎందరి దగ్గరైనా ఉండొచ్చు. బెన్ ఇంట్లో కొత్తగా ఒక పిల్లి. పార్కింగ్‌లో తప్పించుకున్న ఆ పిల్లి హే-మి పిల్లి పేరుతో పిలిస్తే వస్తుంది. పిలిచింది అన్నం పెట్టిన చేయి కాబట్టి వచ్చిందా, పేరు తనదే కాబట్టి వచ్చిందా, మామూలుగా పిల్లులు వచ్చినట్టే వచ్చిందా? ఈ ఆధారాలతో ఏ కోర్టూ బెన్‌కి శిక్ష వేయదు. అయినా నూటికి తొంభైమంది ప్రేక్షకులం మనసులో వేసేస్తాం. ఎందుకు? అతని చిరునవ్వు, అతని కారు, అతని ఆవలింత మనకి అసహ్యం కలిగించాయి కాబట్టి. కొరియాలో గాట్స్‌బీలు (అమెరికన్ నవలలోని ఆ అంతుపట్టని ధనవంతుడి లాంటివాళ్లు) ఎక్కువైపోయారని జోంగ్‌సు అన్న మాట మన మాటే కాబట్టి. టీవీలో యువత నిరుద్యోగం వార్త వస్తుంటే వంటింట్లో ఒంటరిగా తినే కుర్రాడి పక్కన మనం అప్పటికే కూర్చున్నాం. శంక మనకి బయటి నుంచి రాలేదు, మన పేదరికపు కోపంలోంచి వచ్చింది. లీ మనల్ని తప్పుపట్టడు. ఆ కోపం న్యాయమైనదనీ, అది గుడ్డిది కూడా కావచ్చనీ రెండూ ఒకేసారి చూపిస్తాడు.

తేలని నేరం సినిమాకి కొత్త కాదు. 1960లో ఆంటోనియోని ‘లావెంతురా’ని కాన్‌లో చూపించినప్పుడు ప్రేక్షకులు గోల చేశారు. ద్వీపంలో మాయమైన అమ్మాయి ఏమైందో సినిమా చెప్పదు, కాసేపటికి ఆమెని వెతికేవాళ్లే ఆమెని మరిచిపోతారు. అదే ఉత్సవంలో దానికి జ్యూరీ బహుమతీ వచ్చింది. కొరియాలోనే 2003లో బాంగ్ జూన్-హో ‘మెమరీస్ ఆఫ్ మర్డర్’ తీశాడు. అప్పటికి హంతకుడెవరో తెలియని నిజమైన హత్యల కథ అది. 2019లో డీఎన్‌ఏ పరీక్షలతో ఆ మనిషి ఎవరో తేలింది. తేలాక కూడా ఆ సినిమా చివరి చూపు పదును తగ్గలేదు. జవాబు దొరికితే చచ్చిపోయే కళ కాదది. ‘బర్నింగ్’కి ఆ జవాబు కూడా ఎన్నటికీ రాదు.

హే-మి పాత్ర మగవాళ్లిద్దరి మధ్య పావుగా మిగిలిందనీ, కెమెరా ఆమె ఒంటిని చూసినంతగా మనసుని చూడలేదనీ కొందరు ప్రేక్షకురాళ్లు అభ్యంతరం చెప్పారు. ఆ అభ్యంతరంలో నిజముంది. మొదటి గంటలో ఆమె గురించి మనకి తెలిసేదంతా జోంగ్‌సు కోరిక వడపోసి ఇచ్చిందే. కానీ సినిమా ఆ వడపోతని దాచలేదు, చివరికి దాన్నే దోషిగా నిలబెట్టింది. ఆమె కనబడకుండా పోయాక ఎవరేమన్నారో చూడండి. హోటల్ నడుపుకునే తల్లీ అక్కా, కార్డు అప్పులు తీర్చేదాకా ఇంటికి రావద్దని చెప్పమంటారు. ఆమెతో పనిచేసిన అమ్మాయి, అలంకరించుకున్నా తిడతారు, అలంకరించుకోకపోయినా తిడతారు, ఆడవాళ్లకి ఈ దేశంలో చోటు లేదన్న అర్థంలో మాట్లాడుతుంది. బెన్ ఆమె పొగలా మాయమైపోయిందంటాడు. పోలీసు స్టేషన్ గుమ్మం ఎవరూ తొక్కరు. క్రైమ్ థ్రిల్లర్ అని పేరు పెట్టుకుని కూర్చున్నాం, ఫిర్యాదు చేసిన మనిషే లేడు. అసలు లేనట్టే మాయమైపోవాలని ఏడ్చిన అమ్మాయి కోరికని లోకం ఇంత సులువుగా తీర్చేసింది. ఆమె చనిపోయిందా బతికుందా అన్నది తర్వాతి మాట. ఆమె లేకపోవడం ఎవరికీ లోటు కాలేదన్నది తేలిపోయిన మాట. సినిమాలో సందేహానికి తావులేనిది ఇదొక్కటే. శోకం స్థాయిగా నిలిచింది ఇక్కడే.

జోంగ్‌సు ఒక్కడికీ లోటే. ఆమె గదిలో, ఆ కిటికీ పక్కన కూర్చుని లాప్‌టాప్‌లో టైపు చేస్తూ కనబడతాడు, కెమెరా మెల్లగా వెనక్కి జరిగి నగరాన్ని చూపిస్తుంది. రాయలేనివాడు ఎట్టకేలకు రాస్తున్నాడు. ఆ తర్వాతే మొదటిసారి అతను లేని దృశ్యం వస్తుంది: బెన్ తన కొత్త స్నేహితురాలికి ముఖాలంకరణ చేస్తాడు. దాని వెనకే పొలాల మధ్య హత్య. జోంగ్‌సు రమ్మంటే వచ్చిన బెన్, హే-మి ఏది, ఆమె కూడా వస్తుందన్నావుగా అని అడుగుతాడు. ఆ ఒక్క ప్రశ్నతో అప్పటిదాకా పేర్చుకున్న సాక్ష్యాలన్నీ మళ్లీ వణుకుతాయి. జోంగ్‌సు కత్తి దించుతాడు, బెన్ అతని మీదే వాలిపోతాడు, చూడటానికి ఆలింగనంలా ఉంటుంది. పోర్షేకి నిప్పు. తన బట్టలు కూడా అందులోనే పడేసి, మంచు రాలుతుండగా నగ్నంగా వణుకుతూ తన పాత ట్రక్కు నడుపుకుంటూ పోతాడు. చిన్నప్పుడు, తల్లి వదిలి వెళ్లిన రోజున, ఆమె బట్టల్ని తండ్రి ఈ కొడుకు చేతే తగలబెట్టించాడు. ఈ హత్య జరిగిందో, అతను రాసుకున్నదో సినిమా చెప్పదు. రెండు పాఠాలూ నిలబడతాయి. నాకు రెండో పాఠం మీద కాస్త మొగ్గు ఎక్కువ, ఎందుకంటే అప్పుడే అది మరింత బాధగా ఉంటుంది. వెతికి వెతికి అలిసిన కుర్రాడు హే-మి గురించి కథ రాయడానికి కూర్చున్నాడు, రాస్తే అందులోంచి కూడా ఆమె తప్పుకుంది, తండ్రి కోపమే మిగిలింది. లోకం మరిచిపోయిన ఆమెని అతని రచన కూడా నిలబెట్టుకోలేకపోయింది.

1997లో మొదలుపెట్టి రెండు దశాబ్దాలకి పైగా సినిమాలు తీస్తున్న లీ చాంగ్‌డాంగ్‌కి ఇది ఆరో చిత్రం మాత్రమే. ఆయన సినిమాల్లోకి రాకముందు బడిలో కొరియా భాష చెప్పిన ఉపాధ్యాయుడు, నవలాకారుడు. మధ్యలో కొంతకాలం దేశానికి సాంస్కృతిక మంత్రి. 2010లో వచ్చిన ‘పొయెట్రీ’లో కూడా ఆయన చేసింది ఇదే: చనిపోయిన ఒక బడిపిల్లని అందరూ మరిచిపోవాలని చూస్తుంటే, ఒక ముసలావిడ చేత ఆమె కోసం పద్యం రాయించాడు. అక్కడ రచన గెలిచింది. ‘బర్నింగ్’లో గెలవలేదు. అందుకే నేను దీన్ని ఆయన సినిమాల్లో అత్యంత విషాదమైనదిగా, అత్యుత్తమమైనదిగా కూడా ఎంచుతాను.

ఈ సినిమాని ఒకసారి చూసి, ఏమీ తేలలేదని పక్కన పెట్టినవారికి నా మనవి ఒకటే. ఇంకోసారి చూడండి. ఫోను అవతల పెట్టి, రాత్రి తీరిగ్గా కూర్చుని చూడండి. ఈసారి బెన్ ముఖంలో క్లూల కోసం వెతకడం మానేసి, హే-మి తెర మీద ఉన్నంతసేపూ ఆమెనే చూడండి. చంపాడా లేదా అన్నదాని గురించి తర్వాత ఎంతసేపైనా మాట్లాడుకుందాం.